మూడో పెట్టె

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పట్టుకున్నవి ఇక వదల్లేదు. షాపు నుంచి ఇంటికి రావడం, తడిసిన గొడుగు మెట్ల కింద ఆరబెట్టడం, మేడ మీద గదిలోకి దూరడం, ఇదే నా దినచర్య. ఆ గదిని హోం థియేటర్‌గా మార్చే పనిలో పడి అప్పటికి ఏడాది దాటింది. గోడకి పెద్ద తెర, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక ఆంప్లిఫయర్. ఇక మిగిలింది సబ్‌ఊఫర్ ఒక్కటే. సినిమాలో లోతైన శబ్దాలుంటాయే, ఇంజన్లూ, పేలుళ్ళూ, కూలిపోయే గోడలూ, వాటిని పలికించే పెట్టె అది. లేకపోయినా సినిమా ఆడుతుంది. ఉప్పు లేకపోయినా కూర ఉడుకుతుంది కదా, అలాగే.

నాకంత పట్టుదల పుట్టడానికి ఒక మాట కారణం. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. చీటీలో రాసిన నంబరు అద్దాన్ని తీసి, అంచు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టడం నా పని. ముందుగదిలో కళ్ళు పరీక్షించే ఆయన్ని అందరం డాక్టరుగారనే పిలుస్తాం. ఆయన ఇంట్లోనూ ఇలాంటి గది ఉంది. వానలకి ముందు ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, నా గదిలో అరగంట సినిమా చూసి, బాగుందండీ, కాస్త పైపైన ఉంది అంతే, అన్నారు. ఆయన అన్నది ఆ ముక్కే. అది ముల్లులా దిగి కూర్చుంది.

మేడ మీద నేనూ, నా భార్యా, ఎనిమిదేళ్ళ మా అమ్మాయీ. కింద భాగంలో మా అక్కా బావా. మా అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. అక్క కాపురానికి వెళ్తూ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పెళ్ళాంతోపాటు బామ్మర్ది కూడా వచ్చి పడ్డాడని బావ ఒక్కరోజు విసుక్కోలేదు. సైకిలు నేర్పింది ఆయన. బళ్ళో వేసింది ఆయన. నా పెళ్ళికి పెద్దరికం వహించిందీ ఆయనే. నోటితో బావా అని పిలిచేవాణ్ణి గానీ, ఆయన నాకు ఏమవుతాడో చెప్పడానికి ఆ మాట చాలదు.

బావ ముప్ఫై ఏళ్ళు సొరంగాలు తవ్వే పనిలో ఉన్నాడు. రోడ్ల కోసం, రైళ్ళ కోసం కొండల్ని తొలిచే జట్టుకి మేస్త్రీ. పొడవాటి ఇనపకడ్డీతో పైకప్పు రాతిని తట్టి, మోతని బట్టి అది గట్టిదో డొల్లదో చెప్పేవాడు. ఖంగుమంటే ముందుకి నడవమనేవాడు. మోత మందంగా వచ్చిందంటే వెనక్కి. అంతకు రెండేళ్ళ కిందట ఒకచోట పైకప్పు కూలింది. కూలే ముందు ఒక మోత వచ్చిందట. చెవికి కాదు, అరికాళ్ళకి వినపడిందన్నాడు. ఆయన దాన్ని పోల్చుకుని అరిస్తే నలుగురు బయటపడ్డారు. ఇద్దరు పడలేదు. బావ పదకొండు గంటలు రాళ్ళ సందున ఉండి బయటికొచ్చాడు. ఒంటిమీద చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. కానీ తలుపు మూసిన గదిలో కూర్చోలేకపోయాడు. వీధిలో పెద్ద లారీ ఆగి ఇంజను గుర్రుమంటూ ఉంటే లేచి బయటికి పోయేవాడు. చిత్రమేమిటంటే ఉరుములకి బెదిరేవాడు కాదు. ఉరుము పైనుంచి వస్తుంది, దాని సంగతి ఆకాశం చూసుకుంటుంది అనేవాడు. కిందనుంచి వచ్చే మోతే ఆయనకి పడేది కాదు.

అప్పుడే వాళ్ళని మా ఇంటి కింద భాగంలోకి తీసుకొచ్చాను. రెండేళ్ళలో మనిషి తేరుకున్నాడు. వసారాలో కూర్చుని వీధివాళ్ళ కుర్చీలకి ప్లాస్టిక్ వైరు అల్లిపెట్టేవాడు. మొదట తలుపు వేసుకోవడం వచ్చింది, తర్వాత లిఫ్టు ఎక్కడం వచ్చింది, తర్వాత జోకులు వచ్చాయి. వానలు మొదలైన వారానికి ఆయన పాత కంపెనీవాళ్ళ శిక్షణ బడి నుంచి కబురొచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకి రాతిని తట్టి వినడం నేర్పాలి. సగం రోజు తరగతి గదిలో, సగం రోజు సొరంగం ముఖద్వారంలో. వానలు వెనకపట్టాక చేరాలి, ఆలోగా ఒప్పుకున్నట్టు రాసి పంపాలి. బావ నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు పొద్దున, వెళ్తాను అన్నాడు. ఆ పూట అక్క గిన్నెలు కడుగుతూ పాట ఎత్తుకుంది. పైన మెట్ల మీద నిలబడి నా భార్య కూడా విన్నది. వదిన గొంతు ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమండీ అంది.

సబ్‌ఊఫర్ ఎంచుకోవడానికి బావని వెంట తీసుకెళ్ళాలన్నది నా ఆలోచనే. మోత విని బతికిన చెవి అది. ఆ చెవికి మించిన కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది? అక్క ఒద్దంది. బావ ఆమె మాట సాగనివ్వలేదు. షాపులో స్పీకరు వినలేనివాణ్ణి రేపు సొరంగం దగ్గర ఏం నిలబడతానే అన్నాడు. ఆయన నా కోసం ఎంత వస్తున్నాడో తనని తాను పరీక్షించుకోవడానికీ అంతే వస్తున్నాడని నాకప్పుడు తట్టలేదు.

స్పీకర్ల షాపాయన గొంతుని బట్టి ఆయనకి దుందుభి అని పేరు పడిపోయింది. ఆయన గుసగుసలాడితే ఎదుటి షాపువాళ్ళు తలలు తిప్పి చూస్తారు. లోపల వినడానికని ఒక గది ఉంది, గోడలకి మందపాటి గుడ్డ, కిటికీలు లేవు. బావ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, లోపలికొచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. దుందుభి మా గది కొలతలు అడిగాడు. పన్నెండడుగులకి పదడుగులు. నేల మీద మూడు పెట్టెలున్నాయి. మూడింటిలోనూ దేని ఆంప్లిఫయర్ దానికే ఉంది, గోడకి ప్లగ్గు పెడితే చాలు. మొదటిది ఎనిమిది అంగుళాలది, నాలుగు పక్కలా మూసిన పెట్టె. రెండోది పది అంగుళాలది. మూడోది పన్నెండు, ముందువైపు పిడికిలి పట్టేంత కంత. మీ గదికి మొదటిది సరిపోతుంది, మహా అయితే రెండోది, అన్నాడు దుందుభి. మరి మూడోది ఇక్కడెందుకుంది అన్నాను. హాళ్ళున్నవాళ్ళకి, అన్నాడు. అయినా వినిపించమన్నాను.

మొదటి పెట్టె మోగుతుంటే బావ కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో నెమ్మదిగా తట్టాడు.

"శుభ్రంగా ఉందిరా. మోగి ఆగుతోంది. ఈడ్చడం లేదు," అన్నాడు.

రెండోది ఫరవాలేదన్నాడు. మూడోదానికి దుందుభి ఒక ఓడ బయల్దేరే దృశ్యం పెట్టాడు. ఇంజను మేలుకున్నట్టుగా ముందు ఏదో కదిలింది. శబ్దం అనిపించలేదు. కుర్చీ కాళ్ళలోంచి, చెప్పుల్లోంచి, పొట్టలోకి వచ్చింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఇదీ, ఇదే పైపైన లేనిది, అనుకున్నాను. తిరిగి చూసేసరికి బావ కళ్ళు తెరిచి పైకప్పుకేసి చూస్తున్నాడు. తర్వాత తలుపుకేసి చూశాడు. ఇప్పుడే వస్తానని లేచాడు. కంగారు లేదు, అరుపు లేదు. తలుపు కూడా నెమ్మదిగానే వేశాడు.

నేను ఆ దృశ్యం అయ్యేదాకా కూర్చుని బయటికి వెళ్ళాను. బావ వీధి నడిమధ్యన, ఏ పందిరీ ఏ చూరూ లేని చోట, వానలో నిలబడి ఉన్నాడు. స్కూటర్లవాళ్ళు ఆయన్ని తప్పించుకుని పోతున్నారు. తడిసిపోతున్నావు బావా అన్నాను.

"పైన ఏమీ లేని చోట నిలబడదామనిపించింది," అన్నాడు. మొహం తుడుచుకుని నవ్వాడు. "మొదటిది తీసుకోరా. నీ గదికి అది చాలు. నాకూ అది చాలు."

నాకూ అనడంలో ఏముందో నాకు అర్థం కాలేదని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది. కానీ అర్థమైంది. అక్కడే, ఆ వానలోనే అర్థమైంది.

తర్వాత వారమంతా అద్దాలు అరగదీస్తూ ఆ ఓడనే విన్నాను. మొదటిది తెచ్చుకుని ఊరుకోవచ్చు. డాక్టరుగారు మళ్ళీ వస్తే, బాగుందండీ, ఇప్పుడు కాస్త నయం, అంటారు. ఆ కాస్తని నేను భరించలేకపోయాను. గురువారం షాపు ఒంటిపూటే. ఒక్కణ్ణే దుందుభి దగ్గరికి వెళ్ళాను. మొదటిది కట్టి ఉంచానండీ అన్నాడాయన. మూడోది కట్టండి అన్నాను. మీ బావగారు మొదటిదన్నారు కదా అని అడిగాడు. ఆయన మనసు మార్చుకున్నారన్నాను. అబద్ధం ఆడేటప్పుడు ఏదో అడ్డుపడుతుందంటారు. నాకేమీ అడ్డుపడలేదు. గోరువెచ్చని నీళ్ళు తాగినట్టు దిగిపోయింది.

బండి ఇంటి ముందు ఆగేసరికి బావ వసారాలోంచి లేచొచ్చాడు. అట్టపెట్టెకి ఆయనొకపక్క, నేనొకపక్క పట్టుకుని మెట్లెక్కాం. సగం మెట్ల మీద ఆయన ఆగి రొప్పుతూ అడిగాడు.

"ఇంత బరువుందేంట్రా? మొదటిదేనా ఇది?"

"నువ్వు చెప్పిందే బావా. లోపల దాని సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది కదా, అందుకని బరువు."

సరే అని మళ్ళీ ఎత్తాడు. బరువు నా వైపు పడకుండా తనే కింది మెట్టు మీద ఉన్నాడు.

ఆయన కిందికి వెళ్ళాక, పెట్టె విప్పి, ముందువైపు కంత కనపడకుండా, ముందే కొనిపెట్టుకున్న నల్లగుడ్డ తొడిగాను. దాన్ని ఎక్కడ పెడితే బాగా మోగుతుందో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. పెట్టెని మనం కూర్చునే సోఫా మీద పెట్టి, మనం నేల మీద పాకుతూ ఏ మూల బాగా వినపడుతుందో వెతకాలి. నేను నాలుగు కాళ్ళ మీద గదంతా తిరుగుతుంటే మా అమ్మాయి నా వీపెక్కింది. దుమ్మంతా మీ చొక్కాకే అంటింది, రేపు ఊడ్చక్కర్లేదు, అంది నా భార్య. తెర పక్కన కుడిమూల బ్రహ్మాండంగా ఉంది.

"కింద సరిగ్గా అన్నయ్య మంచం ఉండే మూల కదండీ అది," అంది నా భార్య.

చిన్నదేలే అన్నాను. ఆమెకీ అదే చెప్పాను కాబట్టి నమ్మింది.

ఆ తర్వాత పది రోజుల్లో ఏం జరిగిందో ఎవరైనా అడిగి ఉంటే, ఏమీ జరగలేదనే చెప్పేవాణ్ణి. బావ తన మంచం మూలనుంచి జరిపాడు. గోడ చెమ్మగిల్లిందన్నాడు. మేం సినిమా పెట్టేసరికి గొడుగు పట్టుకుని వీధిచివరిదాకా నడిచొచ్చేవాడు. కాళ్ళు పట్టేస్తున్నాయట. అల్లడానికి తెచ్చిన కుర్చీలు నాలుగు అలాగే ఉండిపోయాయి. ఒకసారి మా అమ్మాయి, మామయ్యా రా అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తలుపు దగ్గర కూర్చున్నాడు. తెర మీద ఏదో రైలు వస్తోంది. బావ తెర చూడలేదు, నల్లగుడ్డ తొడిగిన పెట్టెనే చూస్తూ కూర్చున్నాడు. ఇదేనా అదీ అని అడిగాడు. ఊఁ అన్నాను. షాపులో ఇలా లేదే, అన్నాడు తనలో తను. చిన్న గదిలో ఎక్కువగా వినపడుతుంది బావా అన్నాను. ఆయన తలూపాడు. పది నిమిషాలకి లేచి, పని ఉందని వెళ్ళిపోయాడు. నేను శబ్దం తగ్గించాను. ఆయన మెట్లు దిగడం వినిపించాక మళ్ళీ పెంచాను.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారినీ, షాపులో మరో ఇద్దరినీ పిలిచాను. యుద్ధం సినిమా ఒకటి పెట్టాను. మొదటి పేలుడికే డాక్టరుగారు సోఫాలోంచి అరంగుళం లేచారు. నావైపు తిరిగి కనుబొమలెగరేశారు. ఏడాదిగా ఎదురుచూసింది ఆ కనుబొమల కోసమే. మా ఫ్రిజ్ చల్లదనం చాలక, అక్కవాళ్ళ ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు పెట్టించాను. అవి తేవడానికి కిందికి వెళ్ళాను.

అక్క బజారుకి వెళ్ళినట్టుంది. వంటింట్లో బావ ఒక్కడే ఉన్నాడు. గోడకి బిగించిన స్టీలు స్టాండు ముందు, రెండు చేతులూ చాపి, అరచేతులతో కంచాల్నీ గ్లాసుల్నీ గోడకేసి అదిమిపట్టి నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా వేసుకున్నాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. బయట వాన వెలిసి గంటయింది. నన్ను చూసినా చేతులు తీయలేదు.

"గిన్నెలు మోగుతున్నాయిరా. పైనవాళ్ళకి వినపడుతుందేమోనని," అన్నాడు.

నేను ఫ్రిజ్ తెరిచాను. సీసాలు తీసుకున్నాను. తలుపు మోకాలితో మూశాను. వినపడట్లేదులే బావా, వదిలెయ్, అన్నాను. పైకెక్కి వచ్చి అందరికీ నీళ్ళు పోశాను. సినిమా ఇంకా గంటన్నర ఉంది. ఆపలేదు. ఆపితే ఎందుకాపానో చెప్పాల్సొస్తుంది. నేను చేసిన తప్పులో కొన్నది తక్కువ, ఆ గంటన్నర ఎక్కువ.

రెండు రోజుల తర్వాత నేను షాపు నుంచి వచ్చేసరికి బావ మెట్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. బడివాళ్ళకి రాయాలి, నీ ఫోనులో కొట్టిపెట్టు అన్నాడు. ఒప్పుకున్నట్టు రాయడానికని సంతోషంగానే కూర్చున్నాను. రాలేనని రాయమన్నాడు. ఎందుకు బావా అన్నాను.

"ఏం లేదురా. తగ్గిందనుకున్నాను. తగ్గలేదు. ఆ చిన్న పెట్టెకే కాళ్ళు వణుకుతున్నాయి. షాపులో అదే పెట్టెని హాయిగా విన్నాను కదా, ఇప్పుడు దానికే ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి. అంటే ముందుకి పోవడం లేదు, వెనక్కి పోతున్నాను. రేపు పాతికమంది కొత్తవాళ్ళు నా చెవి మీద నమ్మకంతో లోపలికి నడుస్తారు. నా చెవిని నేనే నమ్మలేనప్పుడు వాళ్ళనెలా నడిపిస్తాను?"

అప్పుడు చెప్పాలి. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే చెప్పాలి. వాకిట్లో చూరునీళ్ళు బకెట్‌లో పడుతున్న చప్పుడు. లోపల అక్క అటూ ఇటూ తిరగడం ఆపేసింది, వింటోందని తెలుస్తోంది. నేను ఫోనుకేసి చూస్తూ, గౌరవనీయులైన అని మొదలుపెట్టాను. ఆరోగ్య కారణాల వల్ల అని రాశాను. చదివి వినిపించాను. బాగా రాశావు అన్నాడు. పంపమన్నాడు. పంపాను.

ఆ పూట నుంచి అక్క గిన్నెలు చప్పుడు లేకుండా కడిగింది.

మెట్ల కింద దాచిన అట్టపెట్టె వానకి నాని ముద్దయితే, దాన్ని చింపి పారెయ్యబోయింది నా భార్య. పక్కన అతికించిన కాగితం ఆమె కంటపడింది. నేను భోంచేస్తుంటే ఆ కాగితం తెచ్చి కంచం పక్కన పెట్టింది. పన్నెండు అంగుళాలు.

"అన్నయ్య చెప్పింది ఎనిమిది కదండీ?"

నేను చెప్పాను. అంతా, మొదటినుంచీ. ఆఖర్న ఆమె, అన్నయ్యకి మీరు చెప్తారా నన్ను చెప్పమంటారా అంది. నేనే చెప్తానన్నాను. చెప్పడానికి మరో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె నాకు అన్నం వడ్డించింది గానీ మొహంలోకి చూడలేదు. సబ్‌ఊఫర్ ప్లగ్గు తీసేశాను. తీసేస్తే బావకి కాస్త తెరిపి దొరుకుతుందనుకున్నాను. ఆయన మాత్రం ఇంకా వంటింటి స్టాండు పక్కనుంచి వెళ్ళేటప్పుడు కంచాల మీద చెయ్యి వేసి చూసుకుంటూనే ఉన్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం వాన సన్నగా పడుతోంది. వసారాలో బావ కుర్చీ అల్లుతున్నాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. వైరు చుట్ట ఆయనకి అందిస్తూ, బావా, ఆ పెట్టె మొదటిది కాదు, అన్నాను.

ఆయన చేతిలో ఉన్న వైరుని బిగించి, ముడి వేసి, కొస కత్తిరించాడు. అప్పుడు తలెత్తాడు.

"రెండోదా?"

"మూడోది."

కత్తెర కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. చిన్నప్పుడు కూడా ఎన్నడూ కొట్టలేదు. ఇప్పుడు కొడితే బాగుండునని కోరుకున్నాను. ఆయన తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు. వాటి మీద వైరు ఒరుసుకున్న గీతలు. మెల్లగా ఆయన మొహం మారింది. కోపం కాదు. రెండు వారాలుగా తల మీద మోస్తున్న మూటని ఎవరో దించినట్టు భుజాలు కిందికి దిగాయి.

"అయితే నాకేం కాలేదన్నమాట," అన్నాడు. "మూడోదని నా కాళ్ళకి తెలిసిందిరా. నువ్వు మొదటిదన్నావని నేను వాటిని నమ్మలేదు."

లోపలికి తిరిగి అక్కని పిలిచాడు. "ఇదిగో, విన్నావా? మూడోదట. నేను బాగానే ఉన్నాను."

అక్క అప్పటికే గుమ్మంలో ఉంది. చేతిలో మడతపెడుతున్న దుప్పటి. బావ ఆమెకేసి నవ్వుతూ చూస్తున్నాడు. ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. తొమ్మిదేళ్ళ నన్ను వెంట తెచ్చుకున్న మనిషి, నేనెవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది. దుప్పటి మడత పూర్తిచేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గంటలోనే బడికి మళ్ళీ రాశాను. ఆయన ఆరోగ్యానికేమీ లోపం లేదనీ, నేనాడిన అబద్ధం వల్ల ఆయన తనని తాను అనుమానించుకున్నాడనీ, ఏమీ దాచకుండా రాశాను. అంతా రాయాల్సిన పనిలేదురా అన్నాడు బావ. ఉందన్నాను. రెండు రోజులకి జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు. ఆ పనిలోకి వేరే ఆయన్ని తీసుకున్నామనీ, మళ్ళీ ఖాళీ వస్తే కబురు చేస్తామనీ, మీ బావగారి మీద మాకెప్పుడూ గౌరవమేననీ. వసారాలో నిలబడి చదివి వినిపించాను. బావ చివరిదాకా విని, సరేలే అన్నాడు. తర్వాత కుర్చీ తిరగేసి, అల్లిక ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కుంటూ ఉండిపోయాడు. ఎంతకీ దొరకలేదు.

సబ్‌ఊఫర్‌ని దుందుభికి తిరిగిచ్చేశాను. బదులు మొదటిది ఇవ్వమంటారా అని అడిగాడు. ఒద్దన్నాను. డాక్టరుగారు ఏమనుకుంటారన్న ఆలోచన అప్పుడు రానేలేదు. ముందే రాకుండా ఉండాల్సింది.

వానలు వెనకపట్టేసరికి బావ తనే ఒక పని చూసుకున్నాడు. కొండల దగ్గర రాతి క్వారీ. పొద్దున్నే పేలుడు మందు పెట్టేముందు రాతిగోడని తట్టి చూసి, కూలీలు ఎక్కడ నిలబడొచ్చో చెప్పాలి. బడిలో దక్కేంత గౌరవం లేదు, చుట్టూ నేర్చుకునేవాళ్ళూ లేరు. కాకపోతే తలెత్తితే ఆకాశమే అని బావ నవ్వాడు. ఇక్కడినుంచి రోజూ వెళ్ళిరాగలిగే దూరం కాదు. అక్కడే రెండు గదులు చూసుకున్నారు. మీ మీద కోపంతో కాదురా, పని దగ్గరుండాలి కదా, అని బావ నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లు చెప్పాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది.

సామాను వ్యానులోకి ఎక్కిస్తున్నప్పుడు స్టీలు స్టాండుని గోడనుంచి ఊడదీసింది నేనే. నా భార్య అక్కని పట్టుకుని ఏడ్చింది. అక్క ఆమె కళ్ళు తుడిచింది, మా అమ్మాయి జడ బిగించి రిబ్బను కట్టింది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, చలికాలంలో రండిరా, అక్కడ గాలి బాగుంటుంది, అని ముందు సీట్లో కూర్చున్నాడు. అక్క ఆఖర్న వచ్చింది. ఖాళీ గదుల తలుపు మూసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. చెయ్యి వెంటనే తీసుకోలేదు.

"మీ బావ నిన్ను ఆ క్షణమే క్షమించేశారు. ఆయన మనిషే అంత. నాకు కొంచెం టైం పడుతుంది. తొందరపెట్టకు," అంది.

ఇది జరిగి మూడేళ్ళయింది. బావ వారానికోసారి ఫోను చేసి రాళ్ళ కబుర్లు చెప్తాడు. అక్క ఆదివారాలు మా అమ్మాయితో మాట్లాడుతుంది. బడి సంగతులు అడుగుతుంది, జ్వరం తగ్గిందా అని అడుగుతుంది, అమ్మకి ఇవ్వమంటుంది. నేను ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంటాను. వాళ్ళ మాటలయ్యాక అమ్మాయి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నాకేసి చూస్తుంది, అత్త ఇంకేమైనా అంటుందేమోనని. అవతల అక్క కూడా ఫోను పెట్టేయదు. ఆమె ఊపిరి తీసుకోవడం నాకు వినపడుతుంది. కాసేపటికి, ఉంటానమ్మా అంటుంది.

నేను తొందరపెట్టలేదు.